మీ వాచ్‌మన్ ఇంటిపేరేమిటి?

చెప్పండి.

మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఏళ్ల తరబడి ఉంటున్న మనిషి. మీ కారు హారన్ వినగానే లేచొచ్చి గేటు తీసే మనిషి. నీళ్ల మోటారు వేసేది ఆయన. గ్యాస్ బండ మూడో అంతస్తుకి మోసేది ఆయన. మీ అమ్మగారికి అర్ధరాత్రి ఆయాసం వస్తే ఆటో పిలుచుకొచ్చింది ఆయన. ఇంటిపేరేమిటి? ఏ ఊరు? పెద్దపిల్ల ఏం చదువుతోంది?

తెలియదు.

గోదావరి గడ్డ మీద పుట్టినవాళ్లం. బస్సులో పక్కన కూర్చున్న కుర్రాణ్ణి "ఎవరబ్బాయివి బాబూ, ఏ ఊరు, ఎవరి తాలూకు?" అని ఆరా తీయకుండా భీమడోలు దాటనివ్వం. పెళ్లిలో ముక్కూమొహం తెలియని మనిషి కనిపిస్తే, భోజనాలయ్యేలోగా ఏదో ఒక వరస కలిపేస్తాం. అంత ఆరా తెలిసిన మనకి, రోజూ కళ్లెదుట తిరిగే మనిషి ఇంటిపేరు ఎందుకు తెలియకుండా పోయింది?

తెలుసుకోవడం మనకి ఇష్టం లేదు. అదీ అసలు సంగతి.

పేరు తెలిస్తే ఊరు తెలుస్తుంది. ఊరు తెలిస్తే కష్టం తెలుస్తుంది. కష్టం తెలిశాక, నెలకి మనం ఇస్తున్న జీతం నలుగురిలో చెప్పుకోవడానికి మనకే సిగ్గేస్తుంది. అందుకని పరాయివాడిగానే ఉంచుతాం. పరాయివాడు సెలవడగడు. పరాయివాడికి జ్వరం వస్తే మనం చూడటానికి వెళ్లక్కర్లేదు. పరాయివాడు పోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటాం.

ఏలూరు ఇలా మారిపోయింది. తాడేపల్లిగూడెం ఇలా మారిపోయింది. మీరు చూస్తూ ఊరుకున్నారు.

ఆ వాచ్‌మన్ ఎక్కణ్ణుంచి వచ్చాడో నేను చెబుతాను, వినండి. చాలామంది లంకల నుంచే వచ్చారు. కొల్లేటి లంకల నుంచి. మీ గేటు నుంచి గంట ప్రయాణం కూడా ఉండదు.

వాళ్ల తాతలు తాటిదోనె మీద కొల్లేట్లోకి వెళ్లి, మావులు వేసి, కొరమేను, జెల్ల, ఇంగిలాయి పట్టి బతికారు. పేదరికమే, కాదనను. వరదొస్తే గుడిసె మునిగేది. కానీ ఆ మనిషిని 'నువ్వెవరు' అని అడిగితే జవాబు ఉండేది. ఫలానా లంక, ఫలానా ఇల్లు, ఫలానా వలకట్టు. 1970ల్లో మత్స్యకారులకీ, దళితులకీ సహకార సంఘాలు పెట్టి, సరస్సు భూమిలో చేపల చెరువులు తవ్వుకోమని ప్రభుత్వమే ఇచ్చింది. పెట్టుబడి ఎవరి దగ్గరుంది? చూస్తూండగానే చెరువులు లీజుల మీద బయటి పెద్దల చేతికి వెళ్లాయి. సంఘం పేరు కాగితం మీద మిగిలింది. సభ్యుడు అదే చెరువు గట్టు మీద మకాంలో కాపలావాడయ్యాడు. తన చెరువుకి తనే జీతగాడు.

1999లో కొల్లేటిని ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో పొక్లెయిన్లు దిగి చెరువు గట్లు తెంచేశాయి. సరస్సు బతకాలి. ఆ మాటలో నాకు ఏ అనుమానమూ లేదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు వచ్చి పడే ఆ పళ్లెం లేకపోతే రెండు డెల్టాల మధ్య ఊళ్లు మిగలవు. కానీ గట్లు తెంచిన రోజున లంకల వాళ్లకి ప్రత్యామ్నాయ ఉపాధి చూపిస్తామన్న మాట ఒకటుంది. అది ఏమైంది? ఏం ఉపాధి చూపించారు?

మీ మెట్ల కింద గది చూపించారు.

పెట్టుబడిదారు తిరిగొచ్చాడు. గట్లు మళ్లీ లేచాయి. 2025లో సుప్రీంకోర్టు పంపిన కేంద్ర సాధికార కమిటీ వచ్చి మళ్లీ కొల్లేరు చూసి వెళ్లింది. కోర్టులు మారుతున్నాయి, కాంటూరు లెక్కలు నడుస్తున్నాయి. వెళ్లిపోయిన కుటుంబం మాత్రం తిరిగి రాలేదు. దోనె ఎప్పుడో పుచ్చిపోయింది. ఆ ఇంటి కుర్రాడికి వల వేయడం రాదు, ఈదడం కూడా రాదు. ఏలూరులో బైకు మీద పార్శిళ్లు ఇవ్వడం వచ్చు.

ఆ మెట్ల కింద గదిలోకి ఎప్పుడైనా తొంగి చూశారా?

చూడండి. పైకప్పు ఏటవాలుగా దిగిపోతుంది, ఎందుకంటే అది మీరు ఎక్కే మెట్ల అడుగు. పెద్దవాళ్లు ఓ పక్కకి వెళితే వంగాలి. గోడకి కరెంటు మీటర్లు, వరసగా, మీ ఫ్లాటుదీ అందులోనే ఉంది. పక్కనే మోటారు. పొద్దున ఐదింటికి అది మోత మొదలుపెడితే పసిపిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. కిటికీ లేదు. బాత్‌రూమ్ సెల్లార్లో, డ్రైవర్లకీ వాళ్లకీ కలిపి ఒకటే. గోడకి పెద్దింట్లమ్మ క్యాలెండరు, దాని కింద స్కూలు బ్యాగు. ఆ పిల్ల హోంవర్కు చేసుకునేది గదిలో కాదు, గేటు దగ్గర లైటు కింద. మీ కారు వస్తే పుస్తకం పక్కన పెట్టి లేచి నిలబడుతుంది.

ఆ కుటుంబం ఆధారు కార్డు మీద ఉన్నది లంక అడ్రసు. రేషన్ కార్డూ అక్కడిదే. ఓటూ అక్కడే. ఏలూరులో ఓటు లేదు, ఊళ్లో పని లేదు. ఓటు లేని మనిషి దగ్గరికి కార్పొరేటరు ఎందుకొస్తాడు? కనపడని మనిషి మీద ఊళ్లో పెద్దకి పట్టింపు ఏముంటుంది? ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి రెండు రోజులు సెలవడిగితే, బదులు మనిషిని పెట్టి వెళ్లమన్నది ఎవరు? సంక్రాంతికి మీరంతా తాళాలు వేసుకుని ఊళ్లకి పోతే, ఆ నాలుగు రోజులూ మీ ఖాళీ ఫ్లాట్లకి కాపలా ఉన్నది ఎవరు? ఆయనకి పండగ లేదా? ఆయనకి తల్లి లేదా?

పట్నం వస్తే కులం వదిలిపోతుందని పెద్దలు చెప్పారు. వదిలిందా?

ఏలూరులో అద్దె ఇంటి కోసం తిరిగి చూడండి. ఇల్లు చూపిస్తారు. కుళాయి చూపిస్తారు. అడ్వాన్సు చెబుతారు. చివర్లో, గుమ్మం దగ్గర, గొంతు కాస్త తగ్గించి, "మీరేమిట్లండీ?" అంటారు. జవాబు నచ్చకపోతే, నిన్నే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్లారట. ఊళ్లో ఉన్నప్పుడు ఉన్న అండ పోయింది, అవమానం మాత్రం వెంట వచ్చింది. పనిలో పెట్టుకునేటప్పుడు ఇంటిపేరు అక్కర్లేదు మనకి. ఇల్లు ఇచ్చేటప్పుడు మాత్రం మూడు తరాలు కావాలి.

ఇది మీకు సమ్మతమేనా?

తెల్లారి ఆరింటికి ఒక్కసారి కూలీల అడ్డా దగ్గరికి వెళ్లండి. వాకింగ్‌కి ఎటూ లేస్తారు కదా, ఆ దారిన వెళ్లండి. ప్లాస్టిక్ సంచిలో క్యారేజీ, చేతిలో తాపీ, భుజాన తువ్వాలు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. పెదపాడు వైపు నుంచి వచ్చినవాళ్లు, లంకల నుంచి వచ్చినవాళ్లు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు. స్కూటరు ఆగితే పదిమంది చుట్టుముడతారు. స్కూటరాయన ఇంజను ఆపడు.

"ఎంతమంది కావాలండీ?"

"ఇద్దరు చాలు. మట్టి ఎత్తాలి."

"ముగ్గురం వచ్చేత్తామండీ. ఇద్దరి కూలే ఇవ్వండి."

విన్నారా? ఇద్దరి కూలికి ముగ్గురు. ఆ మూడో మనిషిని వదిలేసి వెళ్లడానికి మనసొప్పక, ఉన్న కూలినే ముగ్గురూ పంచుకుంటామంటున్నారు. ఊరు పోయినా, చెరువు పోయినా, ఆ మనుషుల దగ్గర మిగిలిన సంఘం అది. మన కాలనీలో, మన క్లబ్బులో, మన వాట్సాప్ గ్రూపులో ఆ పాటి మనిషితనం ఉందా?

తొమ్మిది దాటాక పిలుపు రాదు. మిగిలిపోయినవాళ్లు వెంటనే ఇంటికి వెళ్లరు. వెళితే వీధిలో అందరికీ తెలిసిపోతుంది, ఇవాళ పని దొరకలేదని. అక్కడే అరుగు మీద క్యారేజీ విప్పి, మధ్యాహ్నం తినాల్సిన అన్నం పదింటికి తినేసి, ఎండెక్కాక లేస్తారు. పనీ పోయింది, పరువూ దాచుకోవాలి. ఎవరి దగ్గర దాస్తున్నారు? మన దగ్గర.

అడ్డా నచ్చని కుర్రాళ్లు ఫోను పట్టుకున్నారు. యాప్ వచ్చింది. బాస్ లేడన్నారు. నచ్చినప్పుడు లాగిన్ అవ్వు, నచ్చనప్పుడు మానేయి అన్నారు. నీతి ఆయోగ్ లెక్క ప్రకారం 2020-21లో దేశంలో ఇలా యాప్‌లనీ ప్లాట్‌ఫారాలనీ నమ్ముకున్నవాళ్లు 77 లక్షలు. 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు అవుతారట. బాస్ లేడన్న మాట నిజమే. జ్వరం వచ్చిందని చెప్పడానికి ఎవరూ లేరు. బండి జారి మోకాలు చిట్లితే ఫోన్ చేయడానికి ఎవరూ లేరు. కస్టమరు ఒక్క ఫిర్యాదు కొడితే ఐడీ బ్లాకవుతుంది. ఎందుకు బ్లాకయిందో చెప్పడానికి కూడా ఎవరూ లేరు. అన్నా, నా ఐడీ తీసేశారన్నా అని తోటి కుర్రాడితో చెప్పుకుని ఏడవడం ఒక్కటే దారి.

2025 డిసెంబరులో క్రిస్మస్ రోజునా, 31న మళ్లీ, ఈ కుర్రాళ్లు దేశమంతటా సమ్మెకి పిలుపిచ్చారు. పది నిమిషాల డెలివరీ ఆపమన్నారు. బీమా ఇవ్వమన్నారు. ఉన్నట్టుండి ఐడీలు తీసేయొద్దన్నారు. ఆ 31 రాత్రే, రికార్డు స్థాయిలో ఆర్డర్లు అందించామని ఒక పెద్ద కంపెనీ అధినేత ప్రకటించుకున్నారు.

ఆ రాత్రి మీరు ఏం ఆర్డర్ చేశారు?

మీకు తెలియనిది చెబుతున్నానా? ఒక్కటీ కాదు. కాంట్రాక్టరు మారాడన్న సాకుతో పన్నెండేళ్ల సర్వీసుని సున్నా చేసి మొదటి రోజు ఉద్యోగిలా మళ్లీ చేర్చుకోవడం, జీతంలోంచి పీఎఫ్ కోసి ఖాతాలో వేయకపోవడం, తెల్లవారుజామున మూడింటికి వ్యాను వచ్చి ఊళ్ల నుంచి ఆడవాళ్లని రొయ్యల షెడ్డుకి ఎక్కించుకుపోయి ఐసు నీళ్లలో వేళ్లు తెల్లగా నాని చర్మం ఊడేదాకా నిలబెట్టి తలలు వలిపించుకుని సరుకు లేని రోజున సగం దారి నుంచే వెనక్కి పంపేయడం, గర్భం వచ్చిందని తెలియగానే రేపట్నుంచి రావద్దనడం, బట్టల షోరూములో అమ్మాయిల్ని పదకొండు గంటలు కాళ్ల మీద నిలబెట్టి కస్టమర్లు లేనప్పుడు కూడా కూర్చోనివ్వకపోవడం, ప్రైవేటు కాలేజీ లెక్చరర్ని ఎండాకాలం అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిప్పి టార్గెట్ రాలేదని ఆ నెల జీతం ఆపేయడం, గోడౌన్లో బస్తా జారి హమాలీ నడుం విరిగితే ఆస్పత్రి గుమ్మం దాకా దింపి కనపడకుండా పోవడం, సెక్యూరిటీ గార్డుకి పన్నెండు గంటల డ్యూటీ వేసి రిలీవరు రాలేదని ఇరవైనాలుగు చేయించడం, చేపల చెరువు మీద రాత్రి కాపలావాడు కరెంటు తీగ తగిలి పోతే రాత్రికి రాత్రే పెద్దమనుషుల్ని పెట్టి రేటు మాట్లాడి కేసు లేకుండా చూసుకోవడం, మురుగు తీసేవాడికి గ్లౌజులు అడిగితే కాంట్రాక్టరు వైపు చూపించడం, కాంట్రాక్టర్ని అడిగితే ఆఫీసు వైపు చూపించడం, గ్రూపు లోను కిస్తీ కట్టలేదని వీధిలో నిలబెట్టి పరువు తీయడం, ఇంటికి తాళం వేసి పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి కువైట్లో పరాయి ఇళ్లు తుడవడానికి వెళ్లిన ఆడవాళ్లు ఏళ్ల తరబడి పాస్‌పోర్టు చేతిలో లేక అక్కడే ఉండిపోవడం, తిరిగొచ్చేసరికి కన్నపిల్ల 'ఈవిడెవరు' అన్నట్టు చూడటం.

ఏది అబద్ధం? ఏది మీరు వినలేదు?

వినే ఉన్నారు. విని, 'పాపం' అన్నారు. అని, ఫ్యాను స్పీడు పెంచుకున్నారు.

ప్రభుత్వం ఏం చేస్తోందంటారు. ప్రభుత్వమే ఈ పనిలో అందరికంటే ముందుంది. 2019 ఆగస్టు 15న వాలంటీర్లని తెచ్చారు. రెండున్నర లక్షల మంది యువతీయువకులు. నెలకి 5,000. జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. వీధి వీధికీ తిరిగి పెన్షన్లు ఇచ్చారు, కరోనాలో ఇంటింటికీ వెళ్లారు. 2024 ఎన్నికల ముందు ఆ ఐదు వేలను పది వేలు చేస్తామన్న మాట కూడా విన్నారు. ఎన్నికలయ్యాక ఆ వ్యవస్థే లేకుండా పోయింది. ఏ పార్టీ తప్పో మీరు అరుగుల మీద కూర్చుని తేల్చుకోండి. నేను అడిగేది ఒకటే. ఇరవై రెండేళ్లకి చేరి ఇరవై ఏడేళ్లకి రోడ్డున పడ్డ ఆ పిల్లల అనుభవానికి విలువ ఎంత? ఏ సర్టిఫికెట్ ఇచ్చారు? నిన్న 'మా వాలంటీరు' అని పిలిచిన వీధివాళ్లు ఇవాళ ఆ పిల్లని పలకరిస్తున్నారా?

అంగన్‌వాడీ అక్కలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్ల మీద ఎస్మా పెట్టారు. పసిపిల్లలకి గుడ్డు ఉడకబెట్టి పెట్టే ఆవిడది అత్యవసర సేవ అని చట్టానికి అప్పుడు గుర్తొచ్చింది. అంత అత్యవసరమైతే ఉద్యోగి అని ఒప్పుకోవడానికి అడ్డేమిటి?

చట్టాలు వచ్చాయంటారు. వచ్చాయి. 2021 ఆగస్టులో ఇ-శ్రమ్ కార్డు వచ్చింది. 30 కోట్ల పైచిలుకు మంది పేర్లు ఎక్కించుకున్నారు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పనిలో పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలని ఉంది. యాప్ కంపెనీలు తమ టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం గిగ్ కార్మికుల సంక్షేమానికి కట్టాలని ఉంది. అదే ఏడాది మన రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పనిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచడానికి ఒప్పుకుంది. పైన కాగితాలు సరే. కింద మీ సంగతి చెప్పండి. మీకు షాపుందా? నర్సింగ్ హోముందా? రైసుమిల్లుందా? ఎంతమందికి లెటర్ ఇచ్చారు? మీ చేత్తో సంతకం పెట్టిన కాగితం ఒక్కటి, ఒక్క మనిషి చేతిలో ఉందా?

ఇక చావుల సంగతి.

2022 ఏప్రిల్ 13 రాత్రి. ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెం. రసాయన కర్మాగారంలో పేలుడు. ఆరుగురు కాలిపోయారు. అందులో నలుగురు బిహార్ నుంచి వచ్చినవాళ్లు. మన జిల్లా పుట్టి అప్పటికి పట్టుమని పది రోజులు. కొత్త కలెక్టరేట్ బోర్డుల గురించి పేజీలు నింపుకుంటున్న రోజులు. ఆ నలుగురి ఊళ్ల పేర్లు మీకు గుర్తున్నాయా? అసలు విన్నారా? ఏలూరు జిల్లాకి మందులు చేసి పెట్టడానికి వెయ్యి కిలోమీటర్లు వచ్చి, ఏలూరు జిల్లాలో చచ్చిపోయినవాళ్లు ఏలూరు వాళ్లు కాదా? మన ఊరి మట్టిలో ప్రాణం పోయాక కూడా 'బిహారోళ్లు' అనే అన్నాం. మూడో రోజుకి ఆ మాట కూడా అనడం మానేశాం.

2020 డిసెంబరు 5. ఏలూరు వన్‌టౌన్. ఉన్నట్టుండి మనుషులు ఫిట్స్ వచ్చి పడిపోయారు. పిల్లలు పడిపోయారు. రోజుల వ్యవధిలో ఆస్పత్రికి వెళ్లినవాళ్లు 600 దాటారు. ఒకరు చనిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. పురుగుమందుల అవశేషాలన్నారు. దేశమంతా మన ఊరి పేరు మారుమోగింది. వారం తర్వాత? ఆస్పత్రి నుంచి వచ్చిన కూలి మనిషి మర్నాడే పనికి వెళ్లాడు, తల తిరుగుతూనే. వెళ్లకపోతే ఎవరు పెడతారు? సెలవు ఎవరిస్తారు? ఆ నీళ్లు ఇప్పుడెలా ఉన్నాయని మీరు ఎప్పుడైనా అడిగారా? మీ ఇంటికి మినరల్ వాటర్ టిన్ను వస్తోంది. తెచ్చి వంటగది దాకా మోసిపెట్టే కుర్రాడు ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నాడు?

2024 సెప్టెంబరు. బుడమేరు విజయవాడని ముంచింది. కెమెరాలన్నీ సింగ్‌నగర్‌లో. ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? కొల్లేటికి. రోజుల తర్వాత లంకల దారులు మునిగాయి, ఏలూరు-కైకలూరు రోడ్డు మీద నీళ్లు పారాయి. అప్పటికి కెమెరాలు వెళ్లిపోయాయి. మీ వాచ్‌మన్ మూడు రోజులు ఫోను చేతిలోనే పట్టుకుని తిరిగాడు, లంకలో ముసలి తల్లి ఒక్కతే ఉంటే. మీకు చెప్పలేదు. చెప్తే ఏమంటారో ఆయనకి తెలుసు.

మీ దగ్గరుండే జవాబులు నాకు కంఠతా వచ్చు. తాగేస్తారంటారు. పథకాలు వస్తున్నాయి, పనికి రావట్లేదంటారు. అడ్వాన్సు ఇస్తే పారిపోతారంటారు. మేమేమన్నా బలవంతంగా పెట్టుకున్నామా అంటారు.

తాగుడు లేదని నేను అనను. తాగుడు ఇళ్లు కూల్చేస్తోంది, అది నేనూ చూస్తున్నాను. కానీ మీ క్లబ్బులో తాగేవాళ్ల జీతం ఎవరన్నా ఆపారా? పనికి రావట్లేదన్న మనిషి అడ్డాలో ఇద్దరి కూలికి ముగ్గురం వస్తామంటున్నాడు, అది మీ చెవికి ఎక్కలేదా? రేపు ఉంటుందో లేదో తెలియని పనిలో మనిషి ఎందుకు కుదురుగా ఉండాలి? మీరు ఆయన్ని నెలకోసారి మార్చగలిగినప్పుడు, ఆయన మిమ్మల్ని మారిస్తే అది పారిపోవడం ఎలా అయింది?

మీ అబ్బాయి సంగతి మాట్లాడుకుందాం.

డల్లాస్‌లో ఉన్నాడు. లేదా మాదాపూర్‌లో ఉన్నాడు. పెద్ద కంపెనీ పేరు చెబుతారు మీరు, కానీ పేరోల్ వేరే వాళ్లదని అబ్బాయి మీకు ఒక్కరికే చెప్పాడు. లేఆఫ్‌లు మొదలైనప్పట్నుంచి మీకు నిద్ర లేదు. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే 60 రోజులు. ఆలోగా వేరే ఉద్యోగం దొరక్కపోతే, వీసా దారి ఇంకొకటి దొరక్కపోతే, ఇల్లూ కారూ అమ్ముకుని పిల్లని స్కూలు మాన్పించి వచ్చేయాలి. ఆ భయం మీకు తెలుసు. అబ్బాయి ఫోన్ ఎత్తకపోతే మీ గుండె ఎలా కొట్టుకుంటుందో మీకు తెలుసు. 'మా వాడు ఫలానా' అని చెప్పుకున్న పేరు ఒక్క ఈమెయిల్‌తో పోతుందని మీకు తెలుసు. బంధువులకి చెప్పకుండా దాచారు కూడా. అడ్డా దగ్గర పదింటి దాకా కూర్చునే మనిషి దాచుకున్నట్టే దాచారు.

మీ అబ్బాయికి 60 రోజులు. మీ వాచ్‌మన్‌కి 60 నిమిషాలు. సాయంత్రం సెక్రటరీ కేకేసి చెబితే, రాత్రికి సామాను ఆటోలో ఉండాలి.

ఇంత దగ్గరి బాధ మీ ఇంట్లోనే ఉండగా, గేటు దగ్గరున్న మనిషిలో దాన్ని ఎందుకు గుర్తుపట్టలేకపోతున్నారు?

ఒకప్పుడు ఈ ఊళ్లో 'జూట్ మిల్లులో చేస్తాను' అంటే అదొక చిరునామా. షిఫ్టు ఉండేది, యూనియన్ ఉండేది, లాకౌట్ పడితే జెండా పట్టుకుని కూర్చోవడానికి పక్కన మనిషి ఉండేవాడు. మిల్లు స్వర్గమని నేను చెప్పను. నారధూళికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. కానీ ఒకడి జీతం ఆపితే అందరికీ తెలిసేది. తాడేపల్లిగూడెంలో హమాలీలకి ఇవాళ్టికీ ముఠా ఉంది, మేస్త్రీ ఉన్నాడు, ఒకడు పడితే పదిమంది వస్తారు. యాప్ కుర్రాడికి ఎవరున్నారు? షోరూము అమ్మాయికి ఎవరున్నారు? ఇద్దరు కలిసి మాట్లాడుకుంటే సూపర్‌వైజరు ఒకర్ని వేరే బ్రాంచికి పంపేస్తాడు. పక్కపక్కన నిలబడి పనిచేస్తూ కూడా మనుషుల్ని ఒంటరివాళ్లని చేశారు. పట్నాలు పెరిగాయని సంబరపడ్డాం. ఫ్లైఓవర్లు లెక్కపెట్టుకున్నాం. ఏడేళ్లకోసారి వచ్చే గంగానమ్మ జాతరకి ఊరంతా ఒక్కటే అని చెప్పుకుంటాం. ఆ ఊరిలో వీళ్లు ఉన్నారా? చందా పుస్తకంలో వాచ్‌మన్ పేరు రాస్తారు, వందో యాభయ్యో తీసుకుంటారు. కాలనీ సంఘం మీటింగుకి ఎందుకు పిలవరు?

వచ్చే ఆదివారం మీ అపార్ట్‌మెంట్ మీటింగు ఉంది. లిఫ్టు మెయింటెనెన్సు గురించి మాట్లాడతారు. సీసీ కెమెరాలు ఇంకో నాలుగు పెట్టాలంటారు. బయట రంగులు వెలిశాయంటారు. రంగులకి ఎన్ని లక్షలైనా తలా ఇంత వేసుకుంటారు. మెట్ల కింద గదికి ఒక కిటికీ కొట్టించాలి, వారానికో రోజు సెలవివ్వాలి, ఇంట్లో ఎవరికన్నా బాగోకపోతే జీతం కోయకూడదు, తీసేయాలంటే నెల ముందు చెప్పాలి, ఇవన్నీ కాగితం మీద రాసి ఆయన చేతికివ్వాలి. ఎవరో ఒకరు లేచి అడగాలి. మీ సెక్రటరీ అడగడు. ట్రెజరర్ అడగడు.

మీరు వెళుతున్నారా ఆ మీటింగుకి? వెళితే నోరు విప్పుతారా, సమోసా తిని టీ తాగి వచ్చేస్తారా?